కళ్లంలో పట్టుపంచె

పోయిన చలికాలంలో మా అమ్మాయి తన ఆఫీసులో పనిచేసే ఒకావిడను ఆదివారం భోజనానికి తీసుకొచ్చింది. పేరు ఇలీనా, దేశం రొమేనియా. వాళ్ళ కంపెనీకి అక్కడొక ఆఫీసు, ఇక్కడొక ఆఫీసు, మనుషులు అటూ ఇటూ తిరుగుతుంటారు. పరాయి దేశం మనిషి కదా, చపాతీలు చేద్దామా అని నేను తటపటాయిస్తుంటే అమ్మాయి వద్దంది. సంగటి చేసి అనపగింజల పులుసు పెట్టాను. ఆవిడ ముద్దను చూడగానే నవ్వి, మా ఇళ్ళల్లో మొక్కజొన్న పిండితో అచ్చం ఇలాగే కెలుకుతారు, పల్లెటూరి తిండి అని మా అమ్మ అతిథులకు పెట్టదు అంది. నాకు కాస్త సిగ్గేసింది. ఆవిడ రెండో ముద్ద అడిగాక ఆ సిగ్గు పోయింది. భోజనమయ్యాక అలమరలోని పుస్తకాలు చూస్తూ ఒకచోట ఆగిపోయింది. అట్ట ఊడిపోయి, వీపుకు గోధుమరంగు టేపు అంటించిన పెద్ద బొమ్మల పుస్తకం అది. తీసి, తెరిచి, నిలబడే చదవడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళుగా నా దగ్గరున్న ఆ పుస్తకంలోని అక్షరాలను ఒక మనిషి చదవగా చూడటం నాకదే మొదలు.

"ఈ ఎద్దులబండి మా బడి గోడ మీద ఉండేది. క్యాలెండర్ల మీద, బిస్కెట్ డబ్బాల మీద కూడా ఉండేది. చూసీ చూసీ అందరం దాన్ని చూడటమే మానేశాం. మా తాతకు నిజంగానే అలాంటి బండి ఉండేది. ఆయనకు అదంటే అసహ్యం, ట్రాక్టరు కావాలని చచ్చేదాకా అడిగాడు" అంది ఇంగ్లీషులో. తర్వాత నావైపు తిరిగి, "మీకెందుకు ఈ పుస్తకం?" అని అడిగింది. నేను చదువుకున్నప్పుడు మా మేష్ట్రు ఇచ్చారని ఒక్క ముక్కలో చెప్పి కాఫీ పెట్టడానికి లోపలికి పోయాను. మిగతాది ఇంగ్లీషులో చెప్పగలిగినది కాదు. తెలుగులోనైనా ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నేను బెంగళూరులో బొమ్మల కాలేజీలో చేరిన రోజుల్లో అవెన్యూ రోడ్డు పాతపుస్తకాల బండ్ల మీద ఆ వైపు దేశాల పుస్తకాలు కుప్పలు కుప్పలుగా దొరికేవి. దళసరి కాగితం, చక్కటి రంగులు, చదవడానికి రాని భాష. అక్కడి ప్రభుత్వాలు పడిపోయాక ఆ కుప్పలు ఇంకా పెరిగాయి. మా మేష్ట్రు ఆనేకల్ మనిషి, రోజూ సాయంత్రం ఆ బండ్ల దగ్గర వంగి వెతుకుతూ ఉండేవారు. అలా దొరికిన ఈ రొమేనియా పుస్తకాన్ని తరగతికి తెచ్చి బల్ల మీద పరిచారు. పేజీ తిప్పితే ఎద్దులబండ్లు, గొర్రెల కాపర్లు, గడ్డికుప్పలు, ఎర్రదారం నల్లదారం కుట్టుపని చేసిన తెల్లరవికలు తొడుక్కుని నూలు వడికే ఆడవాళ్ళు. వీళ్ళది చిన్న దేశం, చుట్టూ పెద్ద రాజ్యాలు, మీరెవరని అడిగితే చూపించడానికి వీళ్ళ దగ్గర కోటలూ లేవు నౌకలూ లేవు, అందుకని పొలంలో పనిచేసే మనిషిని చూపించి ఇదిగో మేము వీళ్ళం అన్నారు అని ఆయన కన్నడంలో చెప్పారు. ఆపైన ఒక్కొక్కరినీ, మీ వాళ్ళెవరు, పొలంలో ఏం కట్టుకుంటారు అని అడుగుతూ వచ్చారు. నా వంతు వచ్చినప్పుడు నిజమే చెప్పాను. మా నాయన మా మామ పారేసిన పాత టెరికాట్ ప్యాంటు వేసుకుని రాగులు కోస్తాడు, పైన ఆర్టీసీ కండక్టరు ఖాకీ చొక్కా, అదీ మామదే అన్నాను. తరగతంతా నవ్వింది, మేష్ట్రు కూడా నవ్వారు. ఆ ఏడాది కాలేజీ ప్రదర్శనకు తలా ఒక పటం తమ వాళ్ళ పని మీద వెయ్యాలని చెప్పి, నవ్వించిన దానివి కదా అని ఆ పుస్తకం నాకిచ్చి పంపారు.

మా ఊరు హొసకోటె దాటాక, పాత మద్రాసు రోడ్డు నుంచి కాస్త లోపలికి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ కాక కొంచెం అరవం. మా నాయన మాతో తెలుగులో మాట్లాడేవాడు, ఎద్దులతో మాత్రం కన్నడంలో. ఎందుకు నాయనా అంటే, అవి మాలూరు సంతలో కొన్నవి, వాటికి తెలుగు రాదు అనేవాడు, నవ్వకుండా. తెల్లవారే ముందే అవ్వ లేచి పొయ్యి అలికేది. తడి పేడ వాసన, దాని వెనకే పొయ్యిలో చింతకట్టె పొగ, ఆ వెనక ఉడుకుతున్న రాగిపిండి వాసన, ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి వచ్చి నన్ను లేపేవి. అవ్వకు నశ్యం అలవాటు. పీల్చాక తుమ్ము రాకపోతే ఆ రోజు మంచిది కాదని ఎవరినీ కయ్యలోకి, అంటే పొలంలోకి, దిగనిచ్చేది కాదు. ఎద్దులతో పంట నూర్చే కళ్లం అంటే ఆమెకు పూజగది కింద లెక్క. చెప్పులతో కాలు పెట్టకూడదు, రాశి దగ్గర ఎన్ని మూటలైనాయని అడగకూడదు. కొలిచేటప్పుడు మొదటి మానికను ఒకటి అనకుండా లాభం అనాలి. మేము పిల్లలం మరిచిపోయి ఒకటి అంటే మూతి మీద ఒకటి పడేది.

అయితే నేను కాలేజీలో చేరేనాటికే మాకు కళ్లం లేదు. జతలో ఒక ఎద్దు చచ్చిపోయింది, రెండోదాన్ని ఒంటరిగా ఉంచలేక అమ్మేశారు. అప్పటినుంచి రాగిపనలన్నీ తారు రోడ్డు మీద పరిచేవాళ్ళం. ఆ దారిలో అందరూ అదే చేసేవారు. కోలారు బస్సులు, మద్రాసు లారీలు వాటిని తొక్కుకుంటూ పోతే గింజ రాలేది. ఎద్దులు అక్కర్లేదు, మేత అక్కర్లేదు, ఒక పూటలో పని అయిపోయేది. మా నాయన చేత ఎర్రగుడ్డ పట్టుకుని మోటారుసైకిళ్ళు జారకుండా రోడ్డు పక్కన నిలబడేవాడు. డ్రైవర్లు తిట్టేవారు, ఆయన తలొంచుకుని నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. సాయంత్రానికి రాగుల్లో డీజిలు వాసన, సన్నటి కంకర. అవ్వ ఆ రాగులను ముందుగా దేవుడి దగ్గర పెట్టనిచ్చేది కాదు. "లారీ తొక్కిండే రాగులు. ఆ సామి తినడు. మనం తినాల, తింటాండాం" అనేది.

పుస్తకం ఇంటికి తెచ్చిన ఆదివారం మా నాయన చేతులు కడుక్కుని, పైగుడ్డకు తుడుచుకుని, అరుగు మీద కూర్చుని ఒక్కో పేజీ చూశాడు. ఎద్దుల కొమ్ములు చూసి మంచి జాతి అన్నాడు. బండి చక్రం చూసి, ఇరుసు మనదానికంటే పొడుగు అన్నాడు. నూలు వడికే ఆమె దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు.

"అమ్మణ్ణీ, ఈయమ్మ పండగ గుడ్డలు కట్టుకోని పని చేస్తావుండాదే?"

"అవును నాయనా. నిజంగా అట్లా కట్టుకోరంట. వాళ్ళ దేశం వాళ్ళు చూసి, మనవాళ్ళు ఎంత బాగుండారో అనుకోవల్లని బొమ్మేసినోళ్ళే అట్ల వేసినారంట. మా మేష్ట్రు చెప్పినారు."

"మంచి పనే కదా" అని చాలాసేపు ఆ పేజీనే చూశాడు. ఆ తర్వాత పుస్తకం మూసి, ఊరికే ఏదో అడుగుతున్నట్టు అన్నాడు. "మన కయ్య పోయేలోగా ఒక తూరి కళ్లం చెయ్యాల. నువ్వు దాన్ని వెయ్యాల. నన్నూ, ఆ కళ్లాన్నీ. రోడ్డు మింద కాదు."

కయ్య పోతుందని అప్పటికే అందరికీ తెలుసు. ఫ్యాక్టరీల కోసం భూమి తీసుకుంటారని మాటలు నడుస్తున్నాయి. పక్క పొలాల్లో సర్వేవాళ్ళు రాళ్ళు పాతి పసుపురంగు పూసి పోయారు. ఊళ్ళో కొందరు ఆ మాట వినగానే హుషారయ్యారు, కొందరు కోర్టుకు పోదామన్నారు. మా నాయన రెండూ చెయ్యలేదు. ఆయన అడిగిందల్లా ఆ ఒక్క పటం.

ఆ పంటకు కళ్లం చేశాం. పొలం మూలన నేల గీకి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో గట్టిపరిచి, అవ్వే దగ్గరుండి పేడతో అలికించింది. ఒకప్పుడు పనలు నూర్చి, ఇప్పుడు గడ్డివాము దగ్గర కూర్చోవడానికి పనికొస్తున్న రాతిగుండును పొర్లించుకొచ్చారు. మాలూరు దగ్గర ఉండే మా చిన్నాయన తన జత ఎద్దులను తోలుకొచ్చాడు. నేను పొద్దున్నే కాగితాలూ బొగ్గూ సర్దుకుని కూర్చున్నాను. కాసేపటికి మా నాయన ఇంట్లోంచి వచ్చాడు. పెండ్లినాటి పట్టుపంచె, జరీ అంచు ఉత్తరీయం తలపాగాగా చుట్టుకుని, మొహాన విభూతి రేఖలు. చిన్నాయన చేతిలోని ముల్లుకర్ర కింద పడేసి నవ్వాడు. మా అమ్మకు కోపం వచ్చింది. ఆయనతో నేరుగా అనకుండా నాతో అంది. "దుమ్ములో పట్టుపంచె కడతారా ఎవురైనా? మీ నాయనకు చెప్పమ్మా, నీ మాటైతే ఇంటాడు."

నేనూ చెప్పాను. రోజూ వేసుకునే ప్యాంటే వేసుకో నాయనా, నిజంగా ఎట్లుంటుందో అట్లే వెయ్యాలి అన్నాను. "ఆ బుక్కులో ఉండేదీ నిజం కాదని నువ్వే చెప్తివి కదమ్మా. పటం కోసరం అని" అన్నాడు. "ఇదీ పటం కోసరమే కదా."

నేను బొగ్గు చేతిలోకి తీసుకున్నాను. ఆయన గుండుకు తాడు కట్టి, పలుపు చేతికి చుట్టుకుని ఎద్దులను అదిలించాడు. మొదట రెండు మూడు చుట్లు నావైపు చూస్తూ, ఛాతీ విరుచుకుని, కల్యాణ మంటపంలో తిరుగుతున్నట్టు తిరిగాడు. ఆ తర్వాత ఒక ఎద్దు మొరాయించింది, పనలు సరిగ్గా పరచలేదని చిన్నాయనతో గొడవైంది, నేను ఉన్న సంగతే మరిచిపోయాడు. ఎండ ఎక్కేసరికి పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టాడు. జరీ మీద రాగిపొట్టు అంటుకుంది, విభూతి చెమటకు కారి కనుబొమ్మల్లోకి దిగింది. ఎద్దులతో కన్నడంలో ఏదో అంటూ, గుండు గొణుగుడులో గొంతు కలిపి, గుండ్రంగా, గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాడు. రోడ్డు పక్కన ఎర్రగుడ్డతో నిలబడి నవ్వే మనిషి ఇతనేనా అనిపించింది. నా జీవితంలో ఆయన అంత అందంగా కనబడిన రోజు ఇంకోటి లేదు. సాయంత్రం తూర్పార పట్టి రాశి పోశాక, అవ్వ చేటలో రాగులు తీసుకుని తనే మొదటి మానిక కొలిచింది. లాభం అని గట్టిగా అంది. ఆ రాగుల్లోంచి దేవుడికీ పెట్టింది.

పటం కాలేజీలోనే వేశాను. కళ్లం, వెనక మా తూర్పు గట్టు, దాని మీద ఒంటి కానుగ చెట్టు, ముందు ఎద్దులు, వాటి వెనక మా నాయన మొహం. మేష్ట్రు చాలాసేపు చూసి, మొహం ఇంత స్పష్టంగా ఉంటే ఇది మీ నాయన అవుతాడమ్మా, రైతు కాడు, ఆ పుస్తకం చూడు, అక్కడ మొహాలు కొంచెం నీడలో ఉంటాయి, చూసే ప్రతివాడూ అందులో తనవాణ్ణి చూసుకోవాలి కదా అన్నారు. ఆయన చెప్పింది తప్పు కాదు. అయినా నేను మొహం చెరపలేదు. ప్రదర్శన రోజు మా నాయన ఇస్త్రీ చొక్కా, మంచి ప్యాంటు వేసుకుని, పొద్దున్నే బస్సులో వచ్చాడు. వచ్చి పటం పక్కనే నిలబడ్డాడు. సాయంత్రం దాకా నిలబడ్డాడు. వచ్చినవాళ్ళు పటాన్నే చూశారు, పక్కనున్న మనిషిని చూడలేదు. ఒకాయన పటం బాగా కనబడేందుకు, స్వల్ప పక్కక్కె నిల్లి సార్, అన్నాడు. మా నాయన పక్కకు జరిగాడు. పటం కింద కార్డు మీద మేష్ట్రు రాయించిన పేరు, రైతు.

ఆ పటాన్ని ఎలక్ట్రానిక్ సిటీలో కొత్తగా కట్టిన ఒక కంపెనీ వాళ్ళు తమ ముందు హాలులో పెట్టడానికి తీసుకున్నారు. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మా నాయన మాత్రం ఎలక్ట్రానిక్ సిటీ అంటే ఏంటని ఇద్దరు ముగ్గురిని అడిగి తెలుసుకున్నాడు. ఆ తర్వాత మూడు పంటలకు భూమి పోయింది. మేము కళ్లం చేసిన మూలన ఇప్పుడు ఏదో గిడ్డంగి గోడ ఉంది, ఆ గోడకు ఇవతల నుంచి చూస్తే కానుగ చెట్టు ఏ దిక్కున ఉండేదో కూడా చెప్పలేను. ఇల్లు హొసకోటెకు మార్చారు. అవ్వ ఆ బాడుగింట్లో ఎక్కువ రోజులు బతకలేదు. పని లేని మనిషి పొద్దున లేస్తే ఎక్కడికి పోవాలి, మా నాయన బస్టాండుకు పోయేవాడు. టీ అంగడి దగ్గర భూములు పోయిన ముసలివాళ్ళంతా చేరేవారు. మావాడు ఎలక్ట్రానిక్ సిటీలో ఉండాడు, మావాడు వైట్‌ఫీల్డులో ఉండాడు అని ఒక్కొక్కరూ గొప్పలు పోతుంటే మా నాయన మీసం దువ్వుకుని, "ఎలక్ట్రానిక్ సిటీలో మా ఇంట్లో ఎవురూ లేరప్పా. నేనే ఉండాను" అనేవాడట.

ఒకసారి పటం చూపించడానికి తీసుకెళ్ళాను. మెడలో సందర్శకుల ట్యాగు వేశారు. దాని మీద పేరు రాయమంటే తండ్రి పేరు, ఊరి పేరుతో సహా పట్టనంత రాయించుకున్నాడు. చల్లటి హాలు, గాజు గోడలు, ట్యాగులు వేసుకున్న పిల్లలు పటం ముందు నుంచి ఫోన్లు చూసుకుంటూ పోతున్నారు. మా నాయన అందులో తనను చూసుకోలేదు. నేరుగా పోయి గట్టు చూశాడు. కానుగ చెట్టు చూశాడు. కళ్లం మీద వేలు పెట్టి అలికిన గుర్తులు తడమబోతే సెక్యూరిటీ మనిషి పరిగెత్తుకొచ్చి, ముట్టబేడి సార్ అన్నాడు. "మాదేనప్పా" అన్నాడు మా నాయన మెల్లగా, చెయ్యి తీసుకుంటూ. పటాన్ని అన్నాడో నేలను అన్నాడో సెక్యూరిటీ అతనికి అర్థం కాలేదు, నవ్వి ఊరుకున్నాడు. మేమిద్దరం బయటికి వచ్చి బస్సెక్కాం.

కొన్నేళ్ళకు ఆ కంపెనీ ఇంకో కంపెనీలో కలిసిపోయింది, హాలు మార్చారు. నేను ఏదో పని మీద అటు పోయినప్పుడు ఆ గోడకు పెద్ద టీవీ ఉంది. పటం ఏమైందని అడిగితే ఒకమ్మాయి మర్యాదగానే పదిమందికి ఫోన్లు చేసింది. పాత కుర్చీలతో పాటు పోయి ఉంటుందన్నారు, ఎక్కడికో ఎవరికీ తెలియదు. ఇలీనా దేశపు ఎద్దులబండి బిస్కెట్ డబ్బాల మీద కూడా ఉంది, జనం చూడటం మానేసేంతగా ఉంది. మా నాయనకు ఉన్నది ఒకే ఒక్క పటం, అదీ లేదు. ఇంకోటి కూడా అనిపిస్తుంది, చెప్పక తప్పదు. తారు రోడ్డు పక్కన టెరికాట్ ప్యాంటుతో, చేతిలో ఎర్రగుడ్డతో నిలబడ్డ మనిషిని ఎవరూ వెయ్యలేదు. మా వాళ్ళు ఆ ఏళ్ళల్లో బతికిన బతుకు నిజానికి అది. దానికి పండగ గుడ్డలు లేవని మాకెవరికీ అది పటంలా కనిపించలేదు. ఇప్పుడు ఆ రోడ్డుకు అటూ ఇటూ కంచెలు, మధ్యలో గోడ, రాగులు పరచడానికి చోటే లేదు.

పటం పోయిన సంగతి మా నాయనకు చెప్పాను. ఊఁ అన్నాడు, అంతే. వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం కృష్ణరాజపురంలో మా ఇంటికి చెప్పాపెట్టకుండా వచ్చాడు. మామూలు చొక్కా, చేతిలో గొడుగు. మంచినీళ్ళు తాగి, బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ వెలుతురుకు తిప్పుకుని కూర్చున్నాడు.

"మళ్ళా వెయ్యి" అన్నాడు.

గబగబా పాత కాగితాలు తీశాను. ఆ రోజు బొగ్గుతో గీసినవి ఇంకా ఉన్నాయి, ఎద్దులు, గుండు, గట్టు, చెట్టు అన్నీ వాటిలో ఉన్నాయి, అచ్చం అలాగే వేస్తాను నాయనా అన్నాను.

"వద్దు. నన్ను ఒకణ్ణే వెయ్యి. ఎనకాల ఏం వెయ్యద్దు."

"ఎందుకు నాయనా? కయ్య వద్దా?"

"రెండు తూర్లు పోయింది కదమ్మా" అన్నాడు. "మళ్ళా వేస్తే మళ్ళా పోతాది."

ఏడుపు వచ్చింది, కాగితం అడ్డం పెట్టుకుని గీయడం మొదలుపెట్టాను. నుదురు, చెవులు, తెల్లబడిన మీసం, చొక్కా గుండీలు. ఆయన కదలకుండా కూర్చున్నాడు. చేతులు మాత్రం కుదరడం లేదు. ఒళ్ళో పెట్టుకున్నాడు, కుర్చీ చేతుల మీద పెట్టుకున్నాడు, ఒకదానిలో ఒకటి ఇరికించాడు, మళ్ళీ తీసేశాడు. చివరికి నన్నే అడిగాడు, "చేతులు ఏం చెయ్యాలమ్మా?"

"ఊరికే పెట్టుకో నాయనా" అన్నాను.

ప్రయత్నించాడు. ఎంతసేపటికీ ఆయనకు అది చేతకాలేదు. మిగతాదంతా ఆ మధ్యాహ్నమే వేశాను. చేతులు ఇంకో రోజు వేద్దాంలే అనుకున్నాం. ఆ రోజు రాలేదు.